తిథి మారదు, వాన మారింది

కొండల టూరిజాన్ని వాతావరణ మార్పు ఎలా దెబ్బతీస్తోందో చెప్పేవాళ్లంతా మంచుతో మొదలుపెడతారు. బొలీవియాలో చకల్తాయా అనే హిమానీనదం మీద, 5,300 మీటర్ల ఎత్తున, ప్రపంచంలోకెల్లా ఎత్తైన స్కీయింగ్ మైదానం ఉండేది. 2009 నాటికి ఆ హిమానీనదమే కరిగిపోయింది. మైదానం చరిత్రలో కలిసింది. ఆల్ప్స్ పర్వతాల్లో తక్కువ ఎత్తున ఉన్న ఊళ్లు యంత్రాలతో కృత్రిమ మంచు చల్లుకుంటూ సీజన్ నెట్టుకొస్తున్నాయి. మన నల్లమలలో కరగడానికి మంచు లేదు గనుక ఈ గొడవ మనది కాదనిపిస్తుంది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి వైపు కొండలకు జనం ఎందుకొస్తున్నారో ఆలోచిస్తే ఆ ధీమా నిలవదు.

ఇక్కడికి వచ్చేవాళ్లు దేవుడి కోసం వస్తారు, లేదా నీళ్ల కోసం వస్తారు. చాలాచోట్ల ఆ రెండూ ఒక్కచోటే ఉంటాయి. సీఎస్ పురం మండలం భైరవకోనలో ఒకే కొండను తొలిచి చేసిన 8 గుహాలయాల పక్కనే జలపాతం దూకుతుంది. రాచర్ల మండలం నెమలిగుండంలో రంగనాయకస్వామి గుడి దగ్గర గుండ్లకమ్మ గుండంలోకి దిగుతుంది. దోర్నాల నుంచి ఘాట్ రోడ్డెక్కితే శ్రీశైలం మల్లన్న, ఆ దారిలోనే తుమ్మలబయలు సఫారీ, అడవి లోపల ఇష్టకామేశ్వరి అమ్మవారు. త్రిపురాంతకం శ్రీశైల క్షేత్రానికి తూర్పు ద్వారమని పేరు.

గుడికి వచ్చేవాళ్లు తిథి చూసుకుని బయల్దేరతారు. జలపాతానికి వచ్చేవాళ్లు వాన చూసుకుని బయల్దేరతారు. తిథి ఎవరి కోసమూ జరగదు. వాన మాత్రం తన వేళనీ తీరునీ మార్చుకుంటోంది. ఈ కొండలకు వచ్చిన చిక్కంతా ఈ రెంటి మధ్య కుదురు చెదరడంలోనే ఉంది.

చల్లదనాన్ని అమ్ముకునే కొండలు కావివి

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. కొండ అనగానే చల్లగా ఉంటుందనుకుంటాం. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్నది నిజమే. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది కాబట్టి దానికి ఆ లెక్క కలిసొచ్చింది. కృష్ణకూ పెన్నకూ మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగిన నల్లమల సగటు ఎత్తు 500 మీటర్ల చిల్లర. కంభానికి వాయవ్యంగా ఉన్న గుండ్ల బ్రహ్మేశ్వరం లాంటి శిఖరాలు వెయ్యి మీటర్ల దరిదాపుల్లో ఆగిపోతాయి. శ్రీశైలం గుడి ఉన్నది దాదాపు 450 మీటర్ల ఎత్తున. అడుగునున్న ఊరికంటే 600 మీటర్లు పైకెక్కిన మనిషికి దక్కే చలువ 4 డిగ్రీలు. మే నెలలో గిద్దలూరులో 44 ఉంటే, పైన 40. ఆ 4 డిగ్రీల కోసం ఎవరూ సెలవు పెట్టుకుని రారు.

పైగా తూర్పు అడుగున ఉండడం ఈ ఊళ్లకు ఇంకో శాపం. జూన్‌లో పడమటి గాలి కొండెక్కేటప్పుడు చల్లబడి తేమను అటువైపే వదిలేస్తుంది. ఇటువైపు దిగేటప్పుడు అదే గాలి నొక్కుకుపోయి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పంచాంగం ప్రకారం మృగశిర వచ్చేసినా గిద్దలూరు, కంభం, మార్కాపురం మీద వడగాలి ఆగకపోవడానికి ఇదొక కారణం. ఇక్కడి చెరువులు నైరుతి వానలకంటే సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు వానల మీదే ఆశ పెట్టుకుంటాయి. 2024లో దేశ సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి లెక్కలున్న ఏళ్లన్నిటికంటే ఎక్కువని భారత వాతావరణ శాఖ తేల్చింది. 1991–2020 మధ్య సగటుకు 0.65 డిగ్రీలు పైన. ఆ వేసవిలో మన పడమటి మండలాల్లో 46 డిగ్రీలు దాటిన రోజులున్నాయి.

కాబట్టి హిల్ స్టేషన్ కలలు కనడం దండగ. ఈ కొండల సొత్తు చలువ కాదు, నీళ్లు. సరిగ్గా దానికే ఇప్పుడు ముప్పొచ్చింది.

రాయి దాచుకున్న నీరు

నల్లమల రాయి వంద కోట్ల ఏళ్లకు పైబడినది. గట్టి క్వార్ట్‌జైట్ పొరలు, వాటి నడుమ మెత్తని షేల్, పలకరాయి పొరలు. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిలో ఒక పొరకు బైరెన్‌కొండ పేరు పెట్టారు, ఇంకొకదానికి కంభం పేరు పెట్టారు. మన తాతలు అక్షరాలు దిద్దుకున్న మార్కాపురం పలక ఆ కంభం పొరలోదే.

క్వార్ట్‌జైట్ తనంతట తాను నీరు పీల్చుకోదు. నీరు దాని పగుళ్లలోకి దిగుతుంది. ఆకు రాలి కుళ్లిన మన్ను, గడ్డి దుబ్బులు, చెట్ల వేళ్లు కలిసి వాన జోరును ఆపి ఆ పగుళ్లలోకి నెమ్మదిగా మళ్లిస్తాయి. లోపలికి దిగిన నీరు షేల్ పొర తగిలేసరికి ఇంక కిందికి పోలేక పక్కకు పారి, లోయ అంచున ఊటగా బయటపడుతుంది. వాన వెలిసి రెండు నెలలైనా కొన్ని కోనల్లో సన్నగా ధార పడుతుండడానికి కారణం ఇదే. మనం జలపాతం అని ఫొటో తీసుకునేది నిజానికి రెండు వేర్వేరు నీళ్లను. వాన కురిసినప్పుడు రాతి మీదుగా జారి వచ్చే వరదనీరు ఒకటి. అది గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. పగుళ్లలోంచి వచ్చే ఊటనీరు రెండోది. టూరిజానికి పనికొచ్చేది ఈ రెండోదే. సీజన్‌ను సంక్రాంతి దాకా లాగేది అదే.

ఇప్పుడు వాన తీరు మారితే ఏమవుతుందో చూడండి. ఎండిన తొట్టిలోని మొక్కకు చెంబుడు నీళ్లు నిదానంగా పోస్తే మట్టి తాగుతుంది, ఒక్కసారిగా కుమ్మరిస్తే అంచు మీదుగా పొర్లిపోతాయి. కొండదీ అదే పని. 10 రోజుల ముసురులో పడాల్సిన నీరు రెండు రోజుల కుండపోతలో పడితే, సంవత్సరపు మొత్తం లెక్కలో తేడా కనిపించదు. వర్షపాతం సాధారణమనే రిపోర్టు చెబుతుంది. ఊట మాత్రం డిసెంబరుకే ఆగిపోతుంది.

మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానలు 1950–2015 మధ్య మూడింతలయ్యాయని పుణె శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో లెక్కగట్టింది. అది మన జిల్లా లెక్క కాదు. అయినా దాని వెనకున్న భౌతిక సూత్రం ఏ కొండకైనా ఒకటే. దాన్ని కాస్త నిలిచి చూడాలి.

ఒకే అంకె, రెండు దెబ్బలు

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. 19వ శతాబ్దంలో క్లాపెరాన్, క్లాసియస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల పేరు మీద నిలిచిన సూత్రమిది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత ఇప్పటికే ఒక డిగ్రీ దాటి పెరిగింది. అంటే ఆకాశపు గిడ్డంగి 7 శాతం పైగా పెద్దదైంది.

గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు, అంటే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు, పెద్దదైన ఆ గిడ్డంగి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. వాన గట్టిగా కొడుతుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అదే గిడ్డంగి నింపుకోవడానికి నేలనుంచీ ఆకునుంచీ గడ్డినుంచీ చెరువునుంచీ నీరు లాగేస్తుంది. అడవి తొందరగా ఎండుతుంది. వరద పెరగడానికీ కరువు పెరగడానికీ ఒకే కారణం ఎలా అవుతుందని చాలామంది అడుగుతారు. ఇదే జవాబు.

ఈ అంకెను పట్టుకుని మన పండుగల వైపు చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నల్లమలకు జనం పోటెత్తే రోజులు, ఈ సూత్రం గట్టిగా దెబ్బకొట్టే రోజులు ఒకటే.

కార్తీకం, తుపాను

భైరవకోనకు కార్తీకమే పెద్ద సీజన్. పౌర్ణమి నాటి వెన్నెల గుహలోని అమ్మవారి మీద పడుతుందని నమ్మకం. అది చూడడానికి కనిగిరి, పామూరు, నెల్లూరు, కడప వైపుల నుంచి వస్తారు. వనభోజనాలకు వచ్చే వాళ్ల సంగతి సరేసరి. కార్తీకమంటే అక్టోబరు నెలాఖరు నుంచి డిసెంబరు తొలివారాల దాకా. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే ముఖ్యమైన కాలం కూడా ఇదే.

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి కార్తీకం మొదలై వారం. తీరానికి అంత దూరాన ఉన్న అప్పటి ప్రకాశం జిల్లా పడమటి వాగులూ పొంగాయి. కొండకు అవతల హైదరాబాద్–శ్రీశైలం దారి డిండి దగ్గర కోసుకుపోయింది. అంతకు ముందు మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా కార్తీకం ఇంకా వెళ్లలేదు. ఇంకొంచెం వెనక్కి వెళ్తే 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి వేళ. మన కొండల వరసలోనే దక్షిణాన, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అంతకు ముందు రోజే తిరుమల కొండ మీద కుంభవృష్టి. ఆ డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు దొర్లిపడ్డాయి.

ఏ ఒక్క తుపానునూ పట్టుకుని ఇది వాతావరణ మార్పు వల్లే వచ్చిందనడం శాస్త్రం కాదు. తుపానులు మన తాతల కాలంలోనూ వచ్చాయి. వచ్చిన తుపాను ఎంత నీరు మోసుకొస్తుందన్న దగ్గరే తేడా. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి 200 మందికి పైగా పోయినప్పుడు వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ అనే శాస్త్రవేత్తల బృందం లెక్కకట్టి చెప్పింది: ఆ వాన తీవ్రతలో సుమారు 10 శాతం భూతాపం కలిపిందని. 10 శాతమే కదా అనిపిస్తుంది. కల్వర్టు తట్టుకునే హద్దు దాటడానికి చివరి 10 శాతమే చాలు.

వయనాడ్‌ను మనకు అచ్చంగా అన్వయించకూడదు. అక్కడ కొండ మీద లోతైన మట్టి ఉంది. అది తడిసి బురదై జారింది. మన నల్లమల మీద మట్టి పలచన, రాయి ఎక్కువ. ఇక్కడి ప్రమాదం రెండు రకాలు. ఒకటి, రోడ్డు కోసం కోసిన చోట పగుళ్లలోకి నీరు చేరి బండలు ఊడిపడడం. రెండోది, ఇంకా ముఖ్యమైనది, కోనలో హఠాత్తుగా వచ్చే వరద. కుండపోత నీటిని రాతి కొండ పట్టి ఉంచదు. కోన పైభాగం ఏటవాలు. పైన ఎక్కడో గట్టి వాన పడితే, కింద ఎండ కాస్తుండగానే నీరు వచ్చి మీద పడుతుంది. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషి కాలు నిలవదు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలుతుంది. భైరవకోనలో గుడులూ ధారా వాగూ పక్కపక్కనే ఉన్నాయి. నెమలిగుండంలో గుండమే గుండ్లకమ్మ దారిలో ఉంది. మన పూర్వులు నీళ్లున్నచోట దేవుణ్ని చూశారు, అది బాగానే ఉంది. ఆ నీళ్లలో ఇప్పుడు సెల్ఫీల కోసం నడుము లోతున నిలబడుతున్న జనాన్ని వాళ్లు ఊహించి ఉండరు.

శివరాత్రి, నిప్పు

నల్లమల ఆకురాల్చే అడవి. నల్లమద్ది, ఏగిస, టేకు, తునికి, మోదుగ, వెదురు. సంక్రాంతి దాటాక ఆకు రాలుతుంది, గడ్డి ఎండుతుంది. ఫిబ్రవరి నుంచి వేసవి చివరిదాకా అటవీశాఖకు కంటి మీద కునుకుండదు. శివరాత్రి 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న వచ్చింది. ఏ ఏడు చూసినా నిప్పు సీజన్‌లోనే. లక్షల మంది, వేల వాహనాలు పులుల అడవి మధ్య నుంచి వెళ్లే దారులివి. ఇక్కడ పిడుగు పడి అంటుకునే మంటలు అరుదు. దాదాపు ప్రతి మంటకూ వెనక ఒక మనిషి ఉంటాడు. ఆర్పని బీడీ, దారిపక్క పొయ్యి, తేనె కోసం పెట్టిన పొగ, కొత్త గడ్డి మొలవాలని పెట్టిన నిప్పు.

మంటను మొదలుపెట్టేది మనిషే అయినా అది ఎంత దూరం పాకుతుందో నిర్ణయించేది పొడి గాలి. పైన చెప్పిన 7 శాతం ఇక్కడ రెండో వైపు నుంచి దెబ్బకొడుతుంది. తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న ఎండుగడ్డి అంటుకుని ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. తరువాత ఆ రాష్ట్రం ఏటా ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అడవి ట్రెక్కింగ్ ఆపేస్తోంది. శివరాత్రిని మనం ఆపలేం, ఆపమని అడగడమూ సబబు కాదు. అయితే ఆ రెండు నెలలూ శ్రీశైలం దారి తప్ప తక్కిన అడవి దారుల్లో సరదా నడకలు మాత్రం ఆపవచ్చు. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర ప్లాస్టిక్ కోసం వెతికినట్టే అగ్గిపెట్టె, గ్యాస్ పొయ్యి కోసం కూడా వెతకవచ్చు.

ఉగాది, ఎండ

ఉగాదికి కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి మల్లన్న దగ్గరికి వస్తారు. ఎక్కువమంది ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి మీదుగా కొండెక్కుతారు. అది కొండకు అవతలి పక్క. ఎండకు అవతలా ఇవతలా లేదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది.

నడిచే మనిషి ఒళ్లు ఒక పొయ్యి. ఊరికే కూర్చుంటే సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది, కొండెక్కుతుంటే దానికి నాలుగైదింతలు. చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కితే ఒంట్లోంచి వేడి బయటికి పోవడం మాని బయటి వేడే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. మన పొడి ఎండలో చెమట బాగా ఆరుతుంది. అందుకే ఉక్కపోత తీరంతో పోలిస్తే ఇక్కడ మనిషి కొంచెం ఎక్కువ డిగ్రీలు తట్టుకుంటాడు. కానీ దానికి గంటకు లీటరు నీరు, ఉప్పు మూల్యంగా చెల్లించాలి. వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి కళ్లు తిరుగుతాయి. ఉప్పేసిన మజ్జిగ ఇచ్చే చలివేంద్రం పుణ్యకార్యమే కాదు, వైద్యం కూడా. ఈ ఒక్క విషయంలో మన ఆచారం శాస్త్రానికి ముందే ఉంది. అయితే ఊళ్లోని చలివేంద్రం కొండెక్కే నడకదారికి పనికిరాదు. గంట నడకకు ఒకటి చొప్పున, నీడ ఉన్నచోట, పడుకోబెట్టడానికి చోటుతో ఉండాలి. పగలు 11 నుంచి 4 దాకా ఎక్కనివ్వకూడదు. తెల్లవారుజామునే బయల్దేరనివ్వాలి.

ఆ చివరి మాటకు ఒక అడ్డు ఉంది. పులులు, ఇతర జంతువుల కోసం దోర్నాల–శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను నిలిపేస్తారు. చల్లటి వేళ మనిషికి కావాలి, అదే వేళ జంతువుకూ కావాలి. ఎండలు ముదిరేకొద్దీ ఈ తగువు ముదురుతుంది. నా ఓటు జంతువుకే. పగటి వేడి పెరిగితే దాని తిరుగుడు కూడా తెల్లవారుజాముకూ సాయంత్రానికీ కుదించుకుపోతుంది. మనిషికి చలివేంద్రం పెట్టవచ్చు. జంతువుకు అటవీశాఖ సాసర్ గుంతలు తవ్వి ట్యాంకర్లతో, సౌర బోర్లతో నీళ్లు నింపుతూనే ఉంది. అంతకుమించి దానికి మనం ఇవ్వగలిగింది మన రాత్రినే.

ఏం చేయవచ్చు

వాతావరణ మార్పుకు సర్దుబాటు పేరుతో జరుగుతున్న చాలా పనులు అసలు సర్దుబాటు కావు. గుండం చుట్టూ సిమెంటు పోయడం, వాగు ఒడ్డునే గదులు కట్టడం, ధార పక్కన మెట్ల మీద గ్రానైటు పరచడం, ఏసీ కాటేజీలు. సిమెంటు నీటిని ఇంకనివ్వదు, ఎండకు మండుతుంది, వరదకు అడ్డం నిలుస్తుంది. ఊట తగ్గడానికి, వేడి పెరగడానికి, ప్రాణం పోవడానికి ఒకే ఖర్చుతో మూడు ఏర్పాట్లు చేసినట్టు.

ఊటను కాపాడాలంటే పని చేయాల్సింది ఊట దగ్గర కాదు, దాని పైన. సిక్కింలో ‘ధారా వికాస్’ పేరుతో ఎండిపోతున్న ఊటల పైవాలుల్లో కందకాలు తవ్వి వాన నీటిని పగుళ్లలోకి మళ్లించారు. కొన్ని ఊటలు తిరిగి పారాయి. హిమాలయానికీ నల్లమలకూ రాయి వేరు, వాన వేరు. సూత్రం మాత్రం ఇక్కడా చెల్లుతుంది: గడ్డీ మన్నూ నిలిస్తే నీరు నిలుస్తుంది. నిప్పును ఆపడం కూడా అందుకే ఊట పని. కాలిన వాలు మీద పడిన తొలి వాన మన్నును తోసుకుపోతుంది, పగుళ్ల నోళ్లు పూడుతాయి.

ఇక వాన వేళలు. పులుల అభయారణ్యాల్లో వానాకాలం సఫారీలు ఆపడం రివాజు. కాబట్టి జలపాతం చూడాలనుకునేవారికి మిగిలే మంచి కాలం అక్టోబరు నుంచి జనవరి దాకా. వాన ఆలస్యమైతే ఆ కాలమూ జరగాలి. కానీ మన టూరిజం ప్రచారం క్యాలెండరు చూసి జరుగుతుంది. ధారలో ఎంత నీరుందో వారం వారం చెప్పే ఒక చిన్న బోర్డు, ఫోన్‌లో ఒక ఫొటో చాలు. నీళ్లు లేని జలపాతానికి 100 కిలోమీటర్లు కారేసుకొచ్చి తిట్టుకుంటూ పోయేవాడు తగ్గుతాడు. ఆ కారు పొగా తగ్గుతుంది. పొగ మాటకొస్తే, శివరాత్రి రోజుల్లో సొంత కార్లను దోర్నాలలోనే ఆపి పైకి బస్సులే నడపాలి. ఘాట్‌లో గంటలకొద్దీ ఇంజన్లు ఆపకుండా నిలబడే వరుసలు భక్తికి ఏం ఒనగూరుస్తున్నాయో నాకు అర్థం కాదు.

ఊటలు చిక్కిపోతే కొత్త నీళ్లు వస్తాయి కదా అనేవారూ ఉన్నారు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు నల్లమలను తొలిచి దోర్నాల వైపు వచ్చాయి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులు మూసి కట్టిన నల్లమలసాగర్ నిండితే 53.85 టీఎంసీల నీటి చాప కొండల అడుగున పరుచుకుంటుంది. పడవలు తిరుగుతాయి, కాటేజీలు లేస్తాయి. మంచిదే. అయినా ఆ నీరు కరువు పొలాలకూ ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లకూ ఉద్దేశించినది. టూరిజం దాని వెనక నిలబడాలి. విజయనగర కాలం నాటి కంభం చెరువు దీనికి పాఠం. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు పొందిన ఆ చెరువు కూడా వరస కరువుల్లో చిక్కిపోయింది, మంచి వానలకు మళ్లీ నిండింది. నిండిన ఏడు జనం చూడడానికి వస్తారు. చెరువు చెరువుగా బతికితే అందం దానంతటదే వస్తుంది.

గేటు దగ్గరి మనిషి

అసలు కీలకం వరద రోజున గేటు మూయడంలో ఉంది. మూయాలని ఎవరికీ తెలియక కాదు. మూస్తే ఆ రోజు జీపు నడిపేవాడికి కూలి లేదు, కొబ్బరికాయల కొట్టుకు బేరం లేదు, టికెట్టు గుమాస్తా మీద భక్తుల అరుపులు. నల్లమలలో చెంచులు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సభ్యులుగా పర్యావరణ అభివృద్ధి కమిటీలున్నాయి. జీపులు, గైడ్ల పని వాటి ద్వారా నడుస్తుంది. అడవి కాపలా క్యాంపుల్లోనూ చెంచులే ఎక్కువ. కోనలో నీటి రంగు మారితే, పుల్లలు కొట్టుకొస్తే, ధార చప్పుడు బొంగురుపోతే పైన వాన పడిందని ఏ యాప్‌కన్నా ముందు చెప్పగలిగేది వాళ్లే. ఆ మనిషి చేత గేటు మూయించాలంటే, మూసిన రోజుకూ అతనికి కూలి రావాలి. ప్రతి టికెట్టు నుంచి కొన్ని రూపాయలు తీసి ‘మూత రోజుల నిధి’ పెడితే ఆ కూలి దొరుకుతుంది. వాతావరణ సర్దుబాటు అంటే ఇలాంటి చిల్లర లెక్కలే ఎక్కువ.

దానికి తోడు ఒక వర్షమాపకం. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. కానీ అవి చాలావరకు మైదానంలో ఉన్నాయి, వాన పడేది పైన. భైరవకోన ధారకు పైనా, నెమలిగుండానికి ఎగువనా ఒక్కొక్కటి పెట్టి, గంటలో ఇంత వాన దాటితే గేటు మూయాలన్న అంకెను ముందే రాసిపెట్టుకుంటే, మూయాలా వద్దా అన్న వాదనే ఉండదు. వాటికి అయ్యే ఖర్చు ఒక స్వాగత తోరణం ఖర్చును మించదు. తోరణాలు మనకు చాలానే ఉన్నాయి. దేవాదాయశాఖ, అటవీశాఖ, కలెక్టరు కలిసి వచ్చే కార్తీకంలోగా పూర్తి చేయగల పని ఇది.

భక్తులకూ ఒక మాట. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. బయల్దేరే ముందు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరిక చూడండి. కార్తీకంలో పౌర్ణమి ఒక్కటే ఉంటుంది గానీ సోమవారాలు నాలుగైనా ఉంటాయి. వాయుగుండం పట్టిన పౌర్ణమికి ఇంట్లోనే దీపం పెట్టి, వాన వెలిశాక వచ్చే సోమవారం భైరవకోనకు వెళ్లండి.